స్టీరింగ్ పడితే మావారికి పూనకం

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇదీ.

పెళ్లయి తొమ్మిదేళ్లు. భర్త నానక్‌రాంగూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంట్లో గొంతు పెంచి మాట్లాడరు. కూరలో ఉప్పు మర్చిపోయినా కిక్కురుమనకుండా తినేసి లేస్తారు. ఆ మనిషే కారు జేఎన్‌టీయూ జంక్షన్ చేరేసరికి ఇంకొకరైపోతారు. ముందు బండి కదలకపోతే హారన్. కదిలితే, ఇంతసేపు ఎందుకు కదల్లేదని ఇంకో హారన్. ఎవరైనా ఆటోవాలా కట్ కొడితే వెంటపడి, పక్కకు చేరి, అద్దం దించి ఒక మాట అనేదాకా మనసు కుదుటపడదు. యూటర్న్ ఎక్కడో కిలోమీటరు అవతల ఉందని ఇంటి సందు దాకా రోజూ రాంగ్ రూట్. సీట్ బెల్ట్ పెట్టుకుంటే పొట్ట నొక్కుతుందట. పెట్టుకోకపోతే కారు ఊరుకోదు కదా, కుయ్ కుయ్‌మని అరుస్తుంది. దాని నోరు మూయించడానికి బెల్ట్ లేని ఉత్త క్లిప్పు ఒకటి కొని గుచ్చేశారు.

వెనక సీట్లో అత్తగారు, మామగారు. అత్తగారు ప్రతి అమావాస్యకూ బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించి, ఇక మన బండికి ఏమీ కాదంటారు. మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు బండి స్టార్ట్ చెయ్యగానే ఆయన కళ్లు మూసుకుంటారు. "నిద్రో, జపమో ఇప్పటిదాకా తేలలేదు" అని రాశారీవిడ. ఆరేళ్ల పాప కాసేపు ముందు సీట్లో అమ్మ ఒళ్లో, కాసేపు సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టి. ఆ పాపే మొన్న ఇంట్లో అన్నం పళ్లాన్ని స్టీరింగ్‌లా తిప్పుతూ, దారికి అడ్డొచ్చిన తాతయ్యను "ఏం, మీ అయ్య రోడ్డా ఇది?" అని అడిగిందట.

కారు ఈవిడ పేరు మీద ఉంది కాబట్టి చలాన్లన్నీ ఈవిడ ఫోన్‌కే వస్తాయి. లైసెన్సు కూడా ఉంది గానీ, "ఈ ట్రాఫిక్‌లో నీవల్ల కాదు" అని భర్త తాళం ఇవ్వరు. పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కడం, "అయ్యో అయ్యో" అనడం, ఆయన విసుక్కోవడం, అది రాత్రి భోజనాల దాకా సాగడం మామూలైపోయింది. కిందటి నెల రాంగ్ రూట్‌లో వెళ్తుంటే ఎదురుగా స్కూటర్ వచ్చింది. సడన్ బ్రేక్. సన్‌రూఫ్ అంచు తగిలి పాప గడ్డం చిట్లింది, కుట్లు పడ్డాయి. ఆస్పత్రికి వెళ్లే దారిలో కూడా ఆయన, "ఎదురుగా చూసుకుని రావద్దా ఆ స్కూటరోడు!" అన్నారట.

సంక్రాంతికి అందరూ కారులోనే భీమవరం వెళ్లాలట. ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, రాత్రి ఒంటిగంటకు బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని ఆయన ప్లాన్. ఈవిడ అడుగుతున్నది: "నేను కారెక్కాలా, మానాలా? ఎక్కితే నోరు మూసుకు కూర్చోవాలా? ఈయన మారే ఆశ ఏమైనా ఉందా?"

అమ్మా,

మీ ఉత్తరంలో ముప్పావు వంతు హారన్ గురించీ, తిట్ల గురించీ ఉంది. బెల్ట్ క్లిప్పుకు ఒక్క వాక్యం. పాప ఒళ్లో కూర్చోవడానికి అరవాక్యం. ఇంట్లో గొడవలు కూడా ఈ లెక్కలోనే జరుగుతున్నాయని నా అనుమానం. చప్పుడు చేసేవాటి మీద రోజూ పోట్లాట నడుస్తోంది, చప్పుడు చెయ్యనివి హాయిగా సాగిపోతున్నాయి. ఆ కారులో పనికొచ్చే అరుపు ఏదైనా ఉందంటే అది బెల్ట్ అలారం. దాన్నే ఆయన నొక్కేశారు, మీరు నొక్కనిచ్చారు.

కాబట్టి ముందు మీ ఫిర్యాదులను రెండు కుప్పలుగా వేరు చేద్దాం. ఒళ్లు మండించేవి ఒకటి, ప్రాణం మీదికి తెచ్చేవి ఒకటి. హారన్, తిట్లు, "మహానుభావుడు కదిలాడండీ" లాంటి వ్యాఖ్యానాలు మొదటి కుప్ప. రాంగ్ రూట్, ఉత్త క్లిప్పు, ఒళ్లో పాప, సన్‌రూఫ్, ఆటో వెంట పడటం, నిద్ర లేకుండా రాత్రి ప్రయాణం రెండో కుప్ప. అనవసరంగా హారన్ కొట్టడం కూడా నేరమేననుకోండి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు మొదటిసారికి వెయ్యి రూపాయల జరిమానా అని రాశారు. హైదరాబాద్‌లో దాన్ని నిజంగా వసూలు చేస్తే ఇంకో మెట్రో లైను వేసుకోవచ్చు.

మొదటి కుప్పను త్వరగా తేల్చేస్తాను. ఇంట్లో అంత నెమ్మదస్తుడు రోడ్డు మీద ఎందుకిలా అవుతారని మీరు ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం లేదు. ఇంట్లో ఆయనకు ఎదురుగా మనుషులుంటారు. రోడ్డు మీద ఉండేది డిక్కీలు, బంపర్లు, నంబర్ ప్లేట్లు. నంబర్ ప్లేటును తిట్టడానికి మొహమాటం అక్కర్లేదు. పైగా తను కట్ కొడితే అర్జెంటు పని, ఎదుటివాడు కట్ కొడితే పెంపకం లోపం. ఇది మీ ఆయన ఒక్కరి జబ్బు కాదు. ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు 1981లో ప్రచురించిన సర్వేలో అమెరికన్లు 93 శాతం మంది, స్వీడన్‌వాళ్లు 69 శాతం మంది తాము సగటు డ్రైవర్ కంటే మెరుగ్గా నడుపుతామని చెప్పుకున్నారు. కూకట్‌పల్లిలో అడిగి ఉంటే వందా దాటేది.

ఇంకో సంగతి ఆయనకు చెప్పి చూడండి, ఇంజనీరు కదా, నచ్చవచ్చు. జపాన్‌లో 22 కార్లను 230 మీటర్ల గుండ్రటి దారిలో పెట్టి, అందరూ ఒకే వేగంతో వెళ్లండని చెప్పారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, ఆటో లేదు, అడ్డొచ్చిన గేదె లేదు. అయినా కాసేపటికి జామ్ అయింది. ఒకరు కాస్త దగ్గరికెళ్లి బ్రేకు తొక్కితే వెనకాయన ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు, అలా అలా వెనక్కి పాకి ఎక్కడో ఒక కారు పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఫలితం 2008లో అచ్చయింది. అంటే ముందు బండి బంపర్‌కు ముద్దుపెట్టేంత దగ్గరగా నడుపుతూ ట్రాఫిక్‌ను తిట్టే పెద్దమనిషి తను కూడా ట్రాఫిక్కేనని గుర్తించట్లేదు. కాస్త ఖాళీ వదిలితే మధ్యలో ఇంకొకడు దూరతాడంటారు. దూరతాడు. దూరనివ్వండి. కూకట్‌పల్లి నుంచి నానక్‌రాంగూడ పదిహేను కిలోమీటర్లు అనుకుంటే, సందు సందులోకీ దూరి, హారన్ అరిగేలా కొట్టి సగటు వేగాన్ని గంటకు 25 నుంచి 28కి పెంచినా మిగిలేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగూ ఆఫీసులో లిఫ్టు దగ్గర ఖర్చయిపోతాయి.

తిట్లు పూర్తిగా మానతారని నేను మాటివ్వలేను. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని తిట్టుకోమనండి. ఎదుటివాడికి వినపడదు, తలపడటం ఉండదు. పాప నోటికి వస్తున్నాయి కదా, దానికో పద్ధతి కొన్ని ఇళ్లలో చూశాను. తిట్టుకు పది రూపాయలు పాప హుండీలో వేయాలి, లెక్క పాపే చూస్తుంది. ఇందులో చిక్కు కూడా ఉంది. అది ఆదాయ మార్గమని తెలిశాక, "నాన్నా, ఆ ఆటో చూడు, ఎలా దూరాడో" అని పాపే అగ్గి రాజేస్తుంది. వారానికి ఇంతకు మించి వసూలు లేదని ముందే మాట్లాడుకోండి.

ఇక రెండో కుప్ప. ఇక్కడ నాకు నవ్వు తక్కువ.

రాంగ్ రూట్ విషయంలో మీ ఆయన పక్షాన ఒక మాట అంటాను. నగరంలో సిగ్నళ్లు తీసేసి, డివైడర్లు మూసేసి, యూటర్న్‌లు పెట్టుకుంటూ పోయారు. వంద గజాల్లో కనపడే ఇంటికి కిలోమీటరు చుట్టి రావడం ఎవరికైనా చిరాకే. ఆ కోపం న్యాయమైనదే. కానీ దాని తీర్పు స్కూటర్‌వాడి మీద అమలవుతోంది. డివైడర్ ఉన్న రోడ్డు దాటే మనిషి కుడివైపు చూసి అడుగేస్తాడు. ఎడమవైపు నుంచి కారొస్తుందని అతని బుర్రలో ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. ఎదురెదురుగా చెరో ముప్పై కిలోమీటర్ల వేగంతో వస్తే దగ్గరయ్యే వేగం అరవై, అంటే సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు. చూసి బ్రేకు మీద కాలు వెయ్యడానికే సెకను పోతుంది. 2019 సవరణ తర్వాత చట్టం ఎదురు దిశలో నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద 184వ సెక్షన్‌లో పెట్టింది, మొదటి తప్పుకే జైలు దాకా అవకాశం ఉంది. మనం మాత్రం దాన్ని చలాన్ వ్యవహారంగానే చూస్తున్నాం. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ప్రకటించారు. రెండోసారి కార్లకు అరవై శాతం తగ్గించారు. ఆషాఢం సేల్ కోసం చీర కొనడం వాయిదా వేసినట్టు, మనవాళ్లు చలాన్ కట్టడం వాయిదా వేయడం నేర్చారు. మీ ఆయన కూడా ఆ ధీమాతోనే ఉన్నారేమో కనుక్కోండి.

బెల్ట్ సంగతికి వస్తాను. 2022 సెప్టెంబరు 4న అహ్మదాబాద్ నుంచి ముంబై వస్తూ పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన జర్మన్ కారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనక బెల్ట్ లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు. అదే ఏడాది దేశంలో బెల్ట్ పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో డ్రైవర్లు 8,384, మిగతా 8,331 మంది పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. అంటే మీరు, అత్తయ్యగారు, మామయ్యగారు కూర్చునే చోట్లు. వెనక సీటుకు బెల్ట్ అక్కర్లేదన్నది మనం చేసుకున్న చట్టం. అసలు చట్టంలో వెనక కూడా తప్పనిసరి. అరవై కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా గుద్దుకుని ఆగితే, కారు ఆగుతుంది గానీ లోపల బెల్ట్ లేనివాళ్లు అదే అరవైలో ముందుకొస్తారు. పద్నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగం అది. అత్తయ్యగారు మీ మీదికి వస్తారు. మామూలు అర్థంలో అనడం లేదు.

ఒళ్లో పాపను గట్టిగా పట్టుకుంటానంటారు కదా. ఇరవై కిలోల పాప, యాభై కిలోమీటర్ల వేగం, కారు సెకనులో పదోవంతులో ఆగిపోయింది అనుకుంటే, ఆ క్షణంలో మీ చేతుల మీద పడేది రెండున్నర క్వింటాళ్ల పైచిలుకు. ఏ తల్లి చేతులూ ఆపలేవు. ముందు సీట్లో ఒళ్లో పిల్ల ఉంటే ఎయిర్‌బ్యాగ్ కూడా శత్రువే. పెద్దవాళ్ల ఛాతీ కోసం లెక్కగట్టి పేలే సంచీ అది, ఆ ఎత్తులో మీ పాప తల ఉంటుంది. సన్‌రూఫ్ గురించి నేను చెప్పక్కర్లేదు, పాప గడ్డమే చెప్పింది. గాలి కోసం, వెలుతురు కోసం పెట్టిన కిటికీని మనవాళ్లు పెళ్లికొడుకు ఊరేగింపు వేదిక చేశారు.

ఆ ఉత్త క్లిప్పు గురించి ఒక ముక్క. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటివి అమ్మొద్దని ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశిస్తే, ఐదు కంపెనీల నుంచి 13 వేలకు పైగా ప్రకటనలు తీసేయాల్సి వచ్చింది. అంటే మీ ఆయనకు తోడు చాలామందే ఉన్నారు. పొట్ట నొక్కుతుందన్న మాటలో నిజం ఉండవచ్చు. బెల్ట్ కింది భాగాన్ని పొట్ట మీదుగా పెట్టుకుంటే నొక్కుతుంది. దాన్ని పొట్ట కిందికి, తొంటి ఎముకల మీదికి లాగి పెట్టుకోవాలి. భుజం వైపు, తలుపు స్తంభం మీద చాలా కార్లలో పైకీ కిందికీ జరిపే మీట ఉంటుంది, అది సరిచేస్తే మెడ దగ్గర ఒరుసుకోదు. మీరు నీతి చెప్పకుండా ఈ సర్దుబాటు చేసి చూపిస్తే సగం పోట్లాట తగ్గుతుంది.

ఇప్పుడు మీ గురించి. లేని బ్రేకు తొక్కడం వల్ల కాలి నరాలు లాగడం తప్ప నష్టం లేదు. "అయ్యో" మాత్రం మానండి. డ్రైవరు పక్కన ఉన్నట్టుండి అరిస్తే అతని చూపు రోడ్డు మీంచి మీ మొహం మీదికి వస్తుంది. కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. నిజంగా ఏదైనా అడ్డొస్తే "ఎడమవైపు స్కూటర్" అని మామూలు గొంతుతో చెప్పండి. పనికొచ్చే సమాచారం అది. ఇక నడుస్తున్న కారులో భర్త డ్రైవింగ్ గురించి చెప్పే మాట ఏదైనా, ఎంత మంచిదైనా, తల్లీ తండ్రీ కూతురూ వింటుండగా అన్న మాటవుతుంది. దానితో అది పరువు గొడవ. పరువు కోసం మగవాడు ఇంకో పది కిలోమీటర్లు స్పీడు పెంచుతాడు తప్ప తగ్గించడు. మాట్లాడాల్సింది బండి కదలక ముందు, ఇంకా చెప్పాలంటే బండి కనపడని చోట.

ఆ మాట ఎవరు మాట్లాడాలన్నది ఇంకో ప్రశ్న. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మనిషి మీ మామయ్యగారు. ఏళ్ల తరబడి యాభై మంది ప్రాణాలు వెనక పెట్టుకుని నడిపిన మనిషి కొడుకు కారులో కళ్లు మూసుకుంటున్నారంటే, అది నిద్ర కాదని నేను పందెం కాస్తాను. ఆయనకు అన్నీ తెలుసు. కొడుకు కారు, కొడుకు సంపాదన, నేనెందుకు చెప్పాలన్న బిడియం అడ్డొస్తోంది. మీరు ఆయన దగ్గర ఫిర్యాదు చెయ్యకండి, కొడుకు మీద చాడీ అవుతుంది. భోజనాల దగ్గర ఊరికే అడగండి: "మామయ్యా, బస్సు నడిపేటప్పుడు ఎవడైనా అడ్డదిడ్డంగా వస్తే ఏం చేసేవారు? కోపం వచ్చేది కాదా?" ఆర్టీసీ డ్రైవర్ల దగ్గర ఇలాంటి కథలు చాలా ఉంటాయి. పాప వింటుంది, పాప తండ్రీ వింటాడు. మీ ఆయన తనను పొడిచినట్టు ఫీలయ్యే అవకాశం లేకపోలేదు. కానీ భార్య మాట కంటే తండ్రి అనుభవం మింగడం మన ఇళ్లలో తేలిక. ఇది న్యాయమని నేననను, ఉన్న సంగతి చెబుతున్నాను.

ఆ తర్వాత చెయ్యగలిగిన పని సీట్లు మార్చడం. మామయ్యగారిని ముందు కూర్చోబెట్టండి. "ఆయనకు కాళ్లు చాపుకోవడానికి బాగుంటుంది" అంటే చాలు, ఎవరూ కాదనరు. మీరు, పాప, అత్తయ్యగారు వెనక. దీంతో పాప ఒళ్లోంచి దిగుతుంది, మీకు లేని బ్రేకు అందదు, పక్కన తండ్రి ఉంటే ఆయన కాలు కూడా కాస్త మర్యాదగా ఉంటుంది. పాపకు బూస్టర్ సీటు కొనండి. ఆరేళ్ల పిల్లకు మామూలు బెల్ట్ మెడ మీదికి వస్తుంది. కాస్త ఎత్తు చేసే సీటు ఉంటే భుజం మీదుగా పడుతుంది. నాలుగు ముప్పావు అడుగుల ఎత్తు వచ్చేదాకా అది కావాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, తగిన సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది, ఆ చలాన్ కూడా మీ ఫోన్‌కే వస్తుంది. అత్తయ్యగారి నిమ్మకాయను ఏమీ అనకండి. ఆవిడ భయాన్ని ఆవిడ పద్ధతిలో చూసుకుంటున్నారు. అమావాస్య నాడు నిమ్మకాయ కట్టాక అందరికీ బెల్ట్ పెట్టించే పని కూడా ఆవిడకే అప్పగిస్తే, మీకంటే గట్టిగా అమలు చేస్తారు.

మీరు నడపడం గురించి. లైసెన్సు ఉంది, కారు మీ పేరు మీద ఉంది, తాళం మాత్రం ఆయన జేబులో ఉంది. దీన్ని రోషంగా తీసుకోకుండా పనిగా తీసుకోండి. ఏదైనా డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ కొన్ని క్లాసులు, ఆ తర్వాత ఆదివారం ఉదయం ఆరింటికి మామయ్యగారిని పక్కన పెట్టుకుని ఖాళీ రోడ్లు. భర్త దగ్గర మాత్రం నేర్చుకోకండి. అలా నేర్చుకున్న దంపతులు ఆ వారం మాట్లాడుకోగా నేను చూడలేదు. గీతలు పడతాయి, సూటిపోటి మాటలు పడతాయి, ఆయన పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతారు. ఆ చివరిది ఆయనకు అవసరమైన చదువే.

సంక్రాంతి ప్రయాణానికి వస్తే, తిట్ల విషయంలో, హారన్ విషయంలో మీరు ఎంతైనా సర్దుకోవచ్చు, ఆ రాత్రి ఒంటిగంట ప్లాన్‌కు మాత్రం నేను ఒప్పుకోను. ఉదయం ఏడింటికి లేచిన మనిషి అర్ధరాత్రికే పదిహేడు గంటలు మేలుకుని ఉంటాడు. అంతసేపు మేలుకున్నవాళ్ల చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాళ్లతో సమానంగా తగ్గుతుందని 1997లో అచ్చయిన పరిశోధన చెప్పింది. మన చట్టంలో పరిమితి 30. అంటే మీ ఆయన చుక్క ముట్టకుండానే పరిమితి దాటిన స్థితిలో బండి తీస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి రెప్ప నాలుగు సెకన్లు వాలితే, తొంభై వేగంలో బండి వంద మీటర్లు తనంతట తను పోతుంది. దానికి జనవరి పొగమంచు తోడు. విజయవాడ దాటాక భీమవరం వైపు దారి మీకు తెలిసిందే. పక్కన కాలవ, ఎదురుగా చేపల లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు.

పడుకుని లేచి, వెలుతురు వచ్చాక బయల్దేరితే పంతంగి టోల్ దగ్గర క్యూలో ఇరుక్కుంటామంటారు. ఇరుక్కుంటారు. చౌటుప్పల్ దాటేసరికే విసుగొస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు 270 కిలోమీటర్లు వందలో కొట్టినా, ఎనభైలో వెళ్లినా కాగితం మీద తేడా నలభై నిమిషాలు, ఆ నలభై పండగ రోజుల్లో ఏదో ఒక టోల్ దగ్గర తిరిగి ఇచ్చేస్తారు. సెలవు దొరికితే భోగికి రెండు మూడు రోజుల ముందే వెళ్లడం అన్నిటికంటే సుఖం. సూర్యాపేటలో ఆగి టిఫిన్ చేసి, అక్కడి నుంచి కోదాడ దాకా మీరు నడుపుతానని అడగండి. అప్పటికి ఆదివారాల సాధన ఉంటే ఆయనకు కాదనడానికి కారణం దొరకదు.

ఇక కారెక్కడం మానడం. అది కూడా మీ చేతిలో ఉన్నదే, కానీ బెదిరింపుగా వాడకండి. "నేను రాను" అని ఒకసారి అని, సర్దిచెప్పగానే ఎక్కేస్తే ఆ తర్వాత మీ మాటకు విలువ ఉండదు. నాకైతే షరతులు రెండు చాలు. క్లిప్పు తీసెయ్యాలి, పాప వెనక సీట్లో బెల్ట్‌తో కూర్చోవాలి. ఇవి లేకపోతే పాపా, మీరూ రైల్లో వెళ్లండి. మిగతావాటికి బేరం ఆడుకోండి. క్లిప్పును మీరే తీసి పారేయవచ్చు, కారు మీదే కదా. ఆయన ఇంకోటి కొనుక్కుంటారు, అదీ నిజమే. అందుకే ఆయనతో తీయించడం మేలు.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు, సంక్రాంతివి నిమిషాల్లో అయిపోతాయి. కాబట్టి మాటలు తేలేదాకా ఆగకుండా ముందే రెండు టికెట్లు తీసుకోండి, అన్నీ కుదిరితే క్యాన్సిల్ చేసుకోవచ్చు. రహస్యంగా తీయకండి. మీ ఆయన ఫోన్ నంబరే ఇవ్వండి, మెసేజ్ ఆయనకే వెళ్తుంది.